ఆర్‌వీలో ఆరుగురం... నాన్నగారు ససేమిరా అంటున్నారు!

న్యూజెర్సీ నుంచి 41 ఏళ్ల పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన తండ్రి మచిలీపట్నం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలులో 31 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు 71 ఏళ్లు. మధుమేహం ఉంది, రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తారు. తల్లికి 66, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. వచ్చే ఏప్రిల్‌లో ఇద్దరూ కొడుకు దగ్గరికి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు.

‘నాన్న బ్లాక్‌బోర్డు మీద గీసిన చోట్లన్నీ ఆయనకు కళ్లారా చూపించాలి’ అన్నది ఈ పాఠకుడి కోరిక. మంచం, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న ఆర్‌వీ ఒకటి అద్దెకు తీసుకుని, ఆగస్టు మధ్యలో బయల్దేరి, అట్లాంటిక్ తీరం వెంబడి ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ దాకా 24 రోజుల్లో వెళ్లి రావాలని ప్రణాళిక వేశారు. తల్లిదండ్రులు, భార్య, 11 ఏళ్ల అమ్మాయి, 5 ఏళ్ల అబ్బాయితో కలిపి ఆరుగురు. వారానికి రెండు రోజులు ఆయన బండిలోంచే ఆఫీసు పని చేస్తారు. తల్లి కాళ్లు చాపుకుని వెనక మంచం మీద పడుకుని ప్రయాణం చేయవచ్చని అనుకుంటున్నారు.

ఫోనులో ఈ సంగతి చెప్పగానే తండ్రి, ‘ఆ డబ్బాలో నేనుండలేను. తలుపవతలే కోడలు కూర్చుని ఉంటే నేను ఆ గదిలోకి ఎలా వెళ్తాను?’ అన్నారట. కొడుకు నవ్వేశారట. రెండు రోజుల తర్వాత తండ్రి వేరే పని మీద ఫోను చేసి, పెట్టేసే ముందు, ‘ఆ సెయింట్ అగస్టీన్ కోట లోపలికి మనలాంటివాళ్లను రానిస్తారా?’ అని అడిగారట. భార్యను అడిగితే ‘మీ ఇష్టం’ అన్నారట. ‘అడ్వాన్సు కట్టే గడువు దగ్గర పడుతోంది. నాన్నను ఎలా ఒప్పించాలో చెప్పండి’ అని ఉత్తరం ముగించారు.

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని చదివాను. బండిలోని నీళ్ల ట్యాంకుల గురించి పదకొండు వాక్యాలు ఉన్నాయి. మీ భార్య గురించి మూడే ఉన్నాయి. అందులో ఒకటి ‘తనకు పెద్దగా అభ్యంతరం లేదు’ అని.

మీరు నన్ను అడిగింది నాన్నగారిని ఎలా ఒప్పించాలని. ఆయనను ఒప్పించడం నాకు పెద్ద చిక్కుగా కనిపించలేదు. రాననుకున్న మనిషి కోట లోపలికి రానిస్తారా అని అడగరు. ఆయనకు వెళ్లాలని ఉంది. అభ్యంతరమల్లా ఒక్క తలుపు గురించి. దానికి మీరు నవ్వారు. నవ్వాల్సిన మాట కాదది. బందరులో పెరటి చివరనో వరండా చివరనో దొడ్డి ఉన్న ఇంట్లో డెబ్బై ఏళ్లు గడిపిన మనిషిని, కోడలు కూరగాయలు తరిగే బల్లకు మూరెడు దూరంలో, చెక్క పలకంత పల్చటి తలుపు వెనక కూర్చోమంటున్నారు. అదీ రాత్రికి నాలుగు సార్లు. నీళ్లు వదిలిన ప్రతిసారీ పంపు గుర్రుమంటుంది, బండిలో అందరికీ వినిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట మా అక్క కుటుంబంతో ఒక వారం ఇలాంటి బండిలో తిరిగాను కాబట్టి చెబుతున్నాను. మేం అయిదుగురమే. మొదటి ఉదయం తాలింపులో ఆవాలు చిటపటమనగానే పొగ అలారం మోగింది, పక్క బండ్లవాళ్లు నిద్ర కళ్లతో బయటికొచ్చి చూశారు. అన్నం కుక్కరు పెట్టాలంటే ఏసీ ఆపాలి. రెండూ కలిసి నడిస్తే కరెంటు పడిపోయేది. ప్రతి మలుపుకూ అలమారలో స్టీలు గ్లాసులు గణగణలాడుతుంటే భరించలేక వాటి మధ్య తువ్వాళ్లు కుక్కాం. ఇక మర్నాటి నుంచి ఎవరికీ తువ్వాలు దొరకలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వారంలో మా అక్క మాత్రం ఎక్కువసార్లు నవ్వినట్టు గుర్తు లేదు.

అందుకే మీ భార్య దగ్గర మొదలుపెడతాను. మీ ప్రణాళికలో రాత్రి ఎవరెక్కడ పడుకుంటారో ఒకసారి చూడండి. డ్రైవరు సీటు పైన ఉండే మంచానికి నిచ్చెన ఎక్కాలి, అది పిల్లలకే కుదురుతుంది. స్నానాలగది పక్కన ఉండే వెనక మంచం అమ్మానాన్నలకు ఇవ్వక తప్పదు. మీ ఇద్దరికీ మిగిలేది భోజనాల బల్ల. రాత్రి అందరి తిండీ అయ్యాక దాన్ని దించి పరుపు వేయాలి. పొద్దున నాన్నగారికి టిఫిను పెట్టాలంటే పరుపు తీసి మళ్లీ బల్ల చేయాలి. అంటే అందరికంటే ఆఖరున పడుకుని, అందరికంటే ముందు లేచే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరో మీ ఉత్తరంలో రాయలేదు. మీరు లాప్‌టాప్ తెరిచే రెండు రోజుల్లో ఇద్దరు పిల్లలనూ ఇద్దరు పెద్దవాళ్లనూ చూసేది ఎవరో కూడా రాయలేదు. ఆమెకు ఏడాదికి 15 రోజులు సెలవని మాత్రం ఒకచోట రాశారు. అవన్నీ ఇందులోనే ఖర్చయిపోతాయి. ‘మీ ఇష్టం’ అన్నది అంగీకారమో అలసటో నాకంటే మీకే బాగా తెలియాలి.

ఆమెను మళ్లీ అడగండి, కానీ ‘నీకు సరేనా’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు సరే అనడం తప్ప వేరే జవాబు ఉండదు. ‘ఈ ప్రయాణంలో నీ చేతిలోంచి ఏ పనులు తీసేస్తే నీకు సెలవులా ఉంటుంది?’ అని అడగండి. ఆమె చెప్పేది కాగితం మీద రాసుకోండి. అడ్వాన్సు ఆ కాగితం తయారయ్యాక కట్టవచ్చు.

ఇక మీ ప్రణాళికలో కొన్ని చోట్ల మార్పు తప్పదు. బండి కదులుతున్నప్పుడు అమ్మగారు వెనక మంచం మీద పడుకోవడం కుదరదు. చట్టం రాష్ట్రానికో తీరుగా ఉన్నా, గట్టిగా బ్రేకు వేస్తే మంచం మీద మనిషి ఏమవుతారో ఊహించండి. ఆరుగురికీ బెల్టున్న సీట్లు ఉండాలి. మీ అబ్బాయి కారు సీటును ముందుకు తిరిగి ఉన్న సీటుకే బిగించాలి, పక్కకు తిరిగి ఉన్న సోఫాకు కాదు. అమ్మగారి మోకాలికి ఎక్కువ ఇబ్బంది ఆ మెట్ల దగ్గర వస్తుంది. ఎత్తుగా, ఇరుగ్గా రెండు మూడు మెట్లుంటాయి, రోజుకు ఇరవై సార్లు ఎక్కి దిగాలి.

ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు అన్న లెక్క మీ పిల్లల బడి సెలవులను చూసి వేసింది. అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అందులో అతి తీవ్రంగా ఉండేది సరిగ్గా మీరు ఎంచుకున్న రోజుల్లోనే. బందరువాళ్లకు తుపాను గురించి నేను చెప్పేదేముంది! మీరు వెళ్దామనుకుంటున్న ఉత్తర కెరొలైనాలోని అవుటర్ బ్యాంక్స్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి ఇసుక దీవుల వరుస. అక్కడ చాలా దూరం ఉన్నది 12వ నంబరు రోడ్డు ఒక్కటే. తుపాను వస్తే కెరటాలు దాని మీదుగా పారుతాయి, ఫెర్రీలు ఆగిపోతాయి, ఖాళీ చేయమని ఆదేశాలు వస్తాయి. జూన్ చివర బడి మూయగానే బయల్దేరితే ఎండా ఉక్కా జనమూ ఉంటాయి కానీ తుపాను బెడద చాలా తక్కువ. ఆ ఎండలో కరెంటు కనెక్షను లేని క్యాంపు స్థలం మాత్రం తీసుకోవద్దు. కనెక్షను లేకపోతే జనరేటరు మీదే ఏసీ నడవాలి, రాత్రిపూట జనరేటరు వేయనివ్వరు. అవుటర్ బ్యాంక్స్‌లో ప్రభుత్వ క్యాంపుల్లో ఆరెగాన్ ఇన్లెట్ దగ్గర కొన్ని స్థలాలకు కరెంటు, నీళ్లు ఉన్నాయి. వాటి బుకింగు ఆరు నెలల ముందు తెరుస్తారు, త్వరగా అయిపోతాయి.

దారి గురించి ఒక మాట. మీరు రాసినట్టు 95వ నంబరు హైవే పట్టుకుని బాల్టిమోర్ మీదుగా వెళ్తే, అక్కడ హార్బరు కింద ఉన్న సొరంగాల్లోకి వంటగ్యాస్ ట్యాంకున్న ఆర్‌వీలను రానివ్వరు. ఒకప్పుడు అలాంటి బండ్లు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా పోయేవి. 2024 మార్చి 26న సరుకు ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయింది. కాబట్టి ఊరి చుట్టూ పడమటి వైపు నుంచి తిరిగి పోవాలి. దానికంటే డెలావేర్ మీదుగా సముద్రం పక్కనే కిందికి దిగి, చెసపీక్ అఖాతం నోటి దగ్గర ఉన్న పదిహేడు మైళ్ల పైచిలుకు వంతెన, సొరంగాల దారిలో వర్జీనియా చేరడం బాగుంటుంది. అక్కడ గ్యాస్ వాల్వు కట్టేస్తే వెళ్లనిస్తారు. సిలిండర్ల పరిమాణానికి హద్దు ఉంది, అద్దెకిచ్చేవాళ్లను ముందే అడగండి. గాలి బలంగా వీచే రోజున ఎత్తు బండ్లను ఆపేస్తారు, అందుకని ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి.

ఆ వంతెన దాటాక వచ్చే ప్రాంతం గురించి మీ ఉత్తరంలో ‘జేమ్స్‌టౌన్, యార్క్‌టౌన్ – అర రోజు’ అని ఉంది. అర రోజా! మీ నాన్నగారికి ఈ ప్రయాణం మొత్తంలో అసలైన చోటు అదే కావచ్చు. ఇంగ్లీషువాళ్లు జేమ్స్‌టౌన్‌లో దిగింది 1607లో. వాళ్ల ఈస్టిండియా కంపెనీ ఓడ బందరుకు వచ్చింది 1611లో. నాలుగేళ్ల తేడాతో అదే జాతి వ్యాపారులు రెండు తీరాల్లో కాలు పెట్టారు. ఒకచోట పొగాకు పండించారు, ఇంకోచోట మన కలంకారీ బట్ట కొన్నారు. ఇక యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబరు 19న వాషింగ్టన్ సేనకు లొంగిపోయిన సైన్యాధిపతి కారన్‌వాలిస్. ఒంట్లో బాగా లేదని కబురు పంపి, లొంగుబాటుకు తాను రాకుండా కింది అధికారిని పంపాడు. అయిదేళ్లకు అదే మనిషి గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి అది ఉత్తర సర్కారులకూ పాకింది. మీ నాన్నగారు 31 ఏళ్లు ఎన్ని తరగతుల చేత ఆ తేదీలు వల్లె వేయించి ఉంటారో! ఆ పొలం గట్టున నిలబడి మనవరాలికి ఆ కథ చెప్పడానికి ఆయనకు రెండు రోజులివ్వండి.

పిల్లల కోసం కిల్ డెవిల్ హిల్స్ ఉంది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. మీ ఆర్‌వీలను అయిదింటిని వరసగా నిలబెడితే వచ్చేంత దూరం. విమానం ఎక్కడ దిగిందో అక్కడ రాళ్లు పాతి ఉన్నాయి, మీ అబ్బాయి అంత దూరమూ పరుగెత్తి రావచ్చు. హ్యాటరస్ దగ్గర దీపస్తంభాన్ని, సముద్రం కోసుకుంటూ వస్తోందని 1999లో కూల్చకుండానే 2,900 అడుగులు లోపలికి జరిపారు. దివిసీమ గుర్తున్నవాళ్లకు అది చూస్తే చాలా ఆలోచనలొస్తాయి.

దక్షిణానికి పోయేకొద్దీ ఆర్‌వీ ఉపయోగం తగ్గుతుంది. మీరు చూడాలనుకుంటున్న పాత ఊళ్లన్నీ గుర్రపు బండ్ల కాలం నాటివి. చార్ల్‌స్టన్ వీధులు ఇరుకు. సవానాలో వీధుల మీదికి వాలిన ఓక్ కొమ్మలు పన్నెండడుగుల ఎత్తు బండికి తగులుతాయి. బండిని ఊరవతల క్యాంపులో పెట్టి టాక్సీలో రావాలి. రోజుకు ఇంత అద్దె కట్టి, పెట్రోలుకు గాలనుకు ఎనిమిది పది మైళ్ల లెక్కన ఖర్చు పెట్టి, చివరికి ఊరు చూడటానికి టాక్సీ! న్యూజెర్సీలోని ఎడిసన్ పరిసరాల నుంచి సెయింట్ అగస్టీన్ నేరుగా వెళ్తేనే ఒక వైపు 900 మైళ్ల పైచిలుకు. మీరు చెప్పిన చుట్లన్నీ కలిపితే రాను పోను 2,400 తక్కువ కాదు. చాలా కంపెనీలు రోజుకు ఇన్ని మైళ్లు దాటితే విడిగా వసూలు చేస్తాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

మొదటిది, మీ ప్రణాళికనే ఉంచుకుని కుదించడం. 24 రోజులను 14 చేసి, దక్షిణ కెరొలైనాలో ఆపేసి వెనక్కి రావచ్చు. మీ ముచ్చట తీరుతుంది, పిల్లలకు పండగ. కానీ తలుపు సమస్య, బల్ల మంచం సమస్య అలాగే ఉంటాయి. నాన్నగారికి కోట దక్కదు. ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

రెండోది, ఏడు సీట్ల వ్యానులో వెళ్లడం. ఊళ్లలో రెండు పడకగదుల ఇళ్లు అద్దెకు తీసుకుని, ఆర్‌వీ మాత్రం వర్జీనియాలో అద్దెకు తీసుకుని అవుటర్ బ్యాంక్స్‌లో నాలుగు రాత్రులకే ఉంచుకోవచ్చు. ఆ నాలుగు రాత్రులు కూడా అమ్మానాన్నలకు దగ్గరలో హోటలు గది తీసుకోవచ్చు. ఖర్చు ఏమంత తగ్గదు, ఒక్కోచోట పెరుగుతుంది కూడా. సామాను సర్దడం, దించడం రోజూ ఉంటుంది. అయితే నాన్నగారికి గొళ్లెమున్న తలుపు, అమ్మగారికి కుర్చీ, మీ భార్యకు పడుకోవడానికి నిజమైన మంచం దొరుకుతాయి. నా మొగ్గు దీనివైపే.

మూడోది, మీ నలుగురూ ఆర్‌వీలో వెళ్లి, పెద్దవాళ్లను విమానంలో జాక్సన్‌విల్‌కు రప్పించడం. అక్కడి నుంచి సెయింట్ అగస్టీన్ గంట ప్రయాణం. వాళ్లకు ఒళ్లు హూనం కాదు. కానీ యార్క్‌టౌన్ చూడరు. పైగా ‘మమ్మల్ని వేరే పంపించారు’ అన్న మాట అమ్మగారి మనసులో ఒక మూల ఉండిపోవచ్చు. ముందే వాళ్లతో మాట్లాడి, వాళ్లే కోరుకుంటే తప్ప ఇది చేయకండి.

నాలుగోది మీకు రుచించదు. మీ భార్యను ఇంట్లో ఉండనిచ్చి, మీరు, పిల్లలు, అమ్మానాన్న ఆర్‌వీలో వారం రోజులు తిరిగి రండి. ఆమెకు సెలవులు మిగులుతాయి. బంధువులు వంద అడుగుతారు, జవాబు మీరు చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వారం రోజులు బల్ల మంచం మీరే వేసి మీరే తీయాలి.

ఏది ఎంచుకున్నా, డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ఆదివారం మీ ఇంటి ముందు కారు నిలిపే చోట సుద్దముక్కతో 25 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గీయండి. డ్రైవరు కూర్చునే చోటు కొట్టేసి, మంచం, బల్ల, పొయ్యి, స్నానాలగది లోపల గీయండి. మీ నలుగురూ రెండు గంటలు ఆ గీతల్లో ఉండండి. అక్కడే టిఫిను తినండి. ఆరుగురికి లెక్కేసుకునేది ఆ తర్వాత. ఒక రాత్రి అద్దెకు దొరికితే మరీ మంచిది.

అమ్మానాన్నల వైద్య బీమా కాగితాలు చదవండి. పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చూడండి. హ్యాటరస్ నుంచి ఓక్రకోక్ దీవికి వెళ్లే ఫెర్రీ గంట ప్రయాణం, డబ్బులడగరు, పిల్లలకు ఆట. కానీ దీవిలో పెద్ద ఆసుపత్రి లేదు. నాన్నగారి చక్కెర ఎక్కువ తక్కువలుగా ఉన్న రోజున ఆ దీవి వదిలేయండి. మీ సొంత కారు బీమా అద్దె ఆర్‌వీకి పనికొస్తుందనీ అనుకోవద్దు, అడిగి తెలుసుకోండి.

నాన్నగారికి ఫోను చేసి ఒప్పించే ప్రయత్నం మానండి. కోటలోకి రానిస్తారని చెప్పండి. టికెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు. స్పెయినువాళ్లు 1672లో మొదలుపెట్టి 1695లో ముగించిన కోట అది. కొకీనా అనే రాతితో కట్టారు. దగ్గరికెళ్లి చూస్తే రాయంతా చిన్న చిన్న గవ్వలూ ఆల్చిప్పలే, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఫిరంగి గుండు తగిలితే పగలకుండా మెత్తగా లోపలికి దిగిపోయేదట. 1702లో ఇంగ్లీషువాళ్లు ముట్టడిస్తే ఊరు ఊరంతా దాదాపు 50 రోజులు ఆ ఒక్క కోటలో తలదాచుకుంది. కోట పడలేదు. (ఇరుకులో అంతమంది ఎలా సర్దుకున్నారని మీరు నాన్నగారికి ఉదాహరణగా చెప్పబోయేరు! వాళ్లకు బయట శత్రువు ఉన్నాడు.) ఈ సంగతులు మీకంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. మ్యాపు పంపించి, ఎక్కడ ఎన్ని రోజులు ఆగాలో ఆయన్నే గుర్తు పెట్టమనండి.

ఒకవేళ నాలుగు రాత్రులకైనా ఆయన ఆర్‌వీలో ఉండటానికి ఒప్పుకుంటే, ఇంకొక్క విషయం. ఆ మరుగుదొడ్డి ట్యాంకును గొట్టం బిగించి ఖాళీ చేయాల్సింది మీరే. కొడుకు చేత ఆ పని చేయించడం ఏ తండ్రికీ మింగుడు పడదు. ఉదయం ఆయన నడకకు వెళ్లే వేళ చూసుకుని కానివ్వండి. ఆయన తిరిగొచ్చేసరికి చేతి తొడుగులు కూడా చెత్తబుట్టలో పడిపోయి ఉండాలి.